మిడతలు తినని పిల్ల

కియొంబ సబ్ కౌంటీ కౌన్సిల్ పెద్దల్లారా, ఆ పిల్లని పదిహేడు రోజులుగా తనది కాని ఇంట్లో పడేసింది మీరు. అప్పగింత పత్రం మీద ముద్ర మీది. గోడమీద ఫోటో మీది. చప్పట్లు మీవి. తప్పు జరిగిందని తెలిశాక కూడా "జనవరిలో కమిటీ కూర్చున్నప్పుడు చూద్దాంలే" అని టీ తాగింది మీరు.

నేను కడిగిన ముత్యాన్ని అనడం లేదు. ఈ పదిహేడు రోజుల్లో పదమూడు రోజులు నిజం నా ఒక్కదానికే తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను. ఎందుకు మూసుకున్నానో ఇందులో రాస్తున్నాను. ఇది మీ బల్లమీద పెట్టి ఊరుకోను. సంతలో నిలబడి నేనే చదువుతాను. దాచుకోవడానికి మీకూ ఏమీ మిగలదు, నాకూ మిగలదు.

నా పేరు పర్పెటువ. బడిలో ఏడో తరగతి దాకా చదివాను. పిల్లల చట్టం మాత్రం మీరు చెత్తబుట్టలో వేసిన కాగితాలు ఏరుకుని చదివాను, మీలో సగం మంది కంటే బాగా వచ్చు. పదహారేళ్ళుగా ఈ పారిష్‌లో పిల్లల మంచిచెడ్డలు చూస్తున్నాను, జీతం లేకుండా. ఏ పిల్లాడి వీపు మీద వాతలున్నాయో, ఏ తండ్రి తాగి వచ్చిన రోజు పిల్లలు అరటితోటలో పడుకుంటారో నాకు తెలుసు. మీరు నాకిచ్చింది ఒక టీషర్టూ, ఒక జత రబ్బరు బూట్లూ. టీషర్టు మీద అక్షరాలు ఎప్పుడో పోయాయి. ఎడమ బూటు చీలింది.

రెండేళ్ళ కిందట డొరీన్ వచ్చింది. పశ్చిమ జిల్లాల పిల్ల, ఇరవైయేడేళ్ళది, డిగ్రీ చదివింది. పిల్లల రక్షణ అధికారి అని ఆమె పేరుతో తలుపు మీద రేకు కొట్టారు. ఎర్ర మోటారుసైకిలు ఇచ్చారు. నేను పదేళ్ళుగా కూర్చున్న కుర్చీ కూడా ఆమెకే పోయింది. నన్ను వరండాలో బల్లమీదకి మార్చారు. మార్చేటప్పుడు ఒక్కరైనా నా ముఖం చూడలేదు.

ఆ రోజు నుంచి నాకు కడుపుమంట. ఆమె హెల్మెట్ చూస్తే మంట. ఆమె ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడితే మంట. ఆమె సంతకం ఒక పక్కకి వాలి, చివర్లో తోక తిరిగి అందంగా ఉంటుంది. ఇంట్లో నా మనవరాలి నోటుబుక్కు వెనకాల నా పేరు అలా రాయడానికి ప్రయత్నించాను. రాలేదు. ఆ పేజీ చింపి పొయ్యిలో పెట్టాను.

ఆమె పనికిమాలినదై ఉంటే నాకు హాయిగా ఉండేది. కాదు. పని తెలిసిన పిల్ల. ఎండా వానా చూడదు. మోటారుసైకిలు చప్పుడు వినపడితే చాలు, పిల్లలు "డొరీన్ ఆంటీ!" అని రోడ్డు మీదకి ఉరికేవాళ్ళు. ఒకప్పుడు అలా నా వెనకాల ఉరికిన పిల్లలే వాళ్ళు.

ఇక సంగతికి వస్తాను. ఈ నవంబరులో, మిడతలు పడే రోజుల్లో, ఒక మంగళవారం పొద్దున్న మిడతలు పట్టేవాళ్ళ లారీ సంతలో ఆగింది. మిడతలు జారిపడే రేకులూ, వాటిని నింపే డ్రమ్ములూ దించుతుంటే గోనెసంచుల మధ్య ఒక పిల్ల నిద్రపోతోంది. ఆరేళ్ళుంటాయి. ఒక కాలికే నీలం చెప్పు. డ్రైవర్ తల పట్టుకున్నాడు.

"నాలుగు ఊళ్ళలో ఆగాం తల్లీ! ఎక్కడెక్కిందో నాకేం తెలుసు? నేను మిడతలు లెక్కపెడతానా, పిల్లల్ని లెక్కపెడతానా?"

పోలీసు పోస్టులో రాయించి, పిల్లని మా ఇంటికి తెచ్చారు. దిక్కులేని పిల్లలు ఎవరు దొరికినా మా ఇంటికే తెస్తారు. ఆ పని మాత్రం డొరీన్‌కి ఇవ్వలేదు, ఆమె క్వార్టరులో ఒకటే మంచం. పోస్టులో పేరడిగితే "నకసుజ్జ" అంది. ఊరడిగితే "జజ్జా వాళ్ళ ఊరు" అంది. వాళ్ళమ్మమ్మ ఊరు అనుకోండి, నాన్నమ్మ ఊరు అనుకోండి, ఆ వయసు పిల్లలందరూ చెప్పే జవాబే.

సాయంత్రం పక్కింటి రోబినా మిడతలు వేయించి పళ్ళెంలో పట్టుకొచ్చింది. ఉల్లిపాయ, ఉప్పు, ఘుమఘుమలాడుతున్నాయి.

"తినవే పిల్లా, ఏడాదికోసారి దొరికేవి!"

పిల్ల రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "నేను తినను. అవి మావాళ్ళు."

"మీవాళ్ళా?" రోబినా ఒకటి నోట్లో వేసుకుంది. "మీవాళ్ళు ఉల్లిపాయతో భలే ఉన్నారే!"

పిల్ల బావురుమంది. రోబినాని తిట్టి పంపించి, పిల్లని దగ్గర కూర్చోబెట్టుకుని అడిగాను.

"లారీ ఎందుకెక్కావే తల్లీ?"

"మావాళ్ళని డ్రమ్ముల్లో పోశారు. ఎక్కడికి తీసుకుపోతున్నారో చూద్దామని ఎక్కాను."

"వాటిని తింటే ఏమవుతుంది?"

"ఒళ్ళంతా పుళ్ళు లేస్తాయి. జజ్జా చెప్పింది."

నాకు ఇంకేమీ అక్కర్లేదు. పిల్లది మిడత గోత్రం. మా బగండా వాళ్ళలో తన గోత్రపు జీవాన్ని ఎవరూ నోట పెట్టరు. అయితే పేరు విన్నవాళ్ళు వేరేగా అనుకుంటారు. నకసుజ్జ అనే పేరు తెల్లతోక కోతి గోత్రం వాళ్ళది. మాలో పేరు వినగానే గోత్రం చెప్పేస్తాం, నిజమే. కానీ మేలు చేసిన మనిషి పేరు, గోత్రం వేరైనా సరే, బిడ్డకి పెట్టుకోవడం కూడా మాలో ఉంది. పిల్ల ఎవరిదో తేలాలంటే పేరు ఒకటే అడిగితే చాలదు, ఏం తినవే అని అడగాలి. పదహారేళ్ళు ఇళ్ళు తిరిగినదానికి ఇది తెలుసు. డొరీన్ వాళ్ళ వైపు పేరుకీ గోత్రానికీ సంబంధం ఉండదు. ఆమె మా పేర్లన్నీ నోటుబుక్కులో రాసుకుని బట్టీ పట్టింది. కొత్తగా నేర్చుకున్నదాని మీద మనిషికి ఎంత నమ్మకం ఉంటుందో మీకు చెప్పాలా?

బుధవారం పొద్దున్నే ఆఫీసుకి పరిగెత్తాను. చెప్పడానికే పరిగెత్తాను, ఇది గుర్తుంచుకోండి. చీలిన బూటులో బురద నింపుకుని పరిగెత్తాను. లోపల జిల్లా నుంచి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. చైర్మన్ లాంజినో గారు కోటు వేసుకుని నవ్వుతున్నారు. డొరీన్ ముఖం వెలిగిపోతోంది.

"అత్తా! పేరు నకసుజ్జట కదా? తెల్లతోక కోతి గోత్రం. రేడియోలో చెప్పించేశాను. వాళ్ళ గోత్రం పెద్దకి ఫోన్ కూడా కొట్టాను. కసాంజెలో ఒక ఇల్లుందిట, ఐదేళ్ళ కిందట కోడలు పిల్లనెత్తుకుని వెళ్ళిపోయిందిట, ఆ పిల్ల పేరు కూడా నకసుజ్జేనట!"

"ఆగమ్మాయ్, ఆ పిల్ల..."

"ఇప్పుడు కాదత్తా." గొంతు తగ్గించింది. "చెప్పాల్సింది ఏమైనా ఉంటే ఫారం మీద రాసి ఇవ్వండి. బల్లమీద పెట్టండి, చూస్తాను."

ఆ ఇద్దరిలో ఒకాయన నా బూటు వైపు చూశాడు. లాంజినో గారు చేతితో గాలిలో ఏదో తోశారు. "పర్పెటువా, టీ సంగతి చూడు ముందు."

నేను "సరే" అన్నాను.

టీ ఇచ్చి, బయటికొచ్చి, బల్లమీద కూర్చుని ఫారం రాశాను. తారీఖు వేశాను. "పిల్ల మిడతలు తినదు. మిడత గోత్రం. పేరు చూసి మోసపోవద్దు." అంతే, ఇంకో మాట అక్కర్లేదు. రాసి లోపలికి పోయే లోపల డొరీన్ బయటికొచ్చి మోటారుసైకిలు తీసింది. పిల్లని చూడ్డానికి మా ఇంటికి పోతోంది. నేను వెనకాల నడుచుకుంటూ వెళ్ళాను.

వెళ్ళేసరికి పిల్ల ఆమె హెల్మెట్ పెట్టుకుని మోటారుసైకిలు ముందు కూర్చుంది. హెల్మెట్ ముక్కు దాకా దిగింది. "పీప్! పీప్!" అని నవ్వుతోంది. ముందురోజు నేను కథ చెప్పాను, వీపు నిమిరాను, పాలు కాచి ఇచ్చాను. ఒక్కసారి నవ్వలేదు.

"ఆంటీ, నన్ను మీ ఇంటికి తీసుకెళ్తావా?" అని ఆమెనే అడిగింది.

నేను గడపలో నిలబడి ఆ ఫారం నాలుగు మడతలు పెట్టాను. బూటులో దోపుకున్నాను. మీ పెద్దమనుషుల చూపు కాదు, లాంజినో గారి టీ కాదు. ఆ "పీప్ పీప్" నా నోరు కట్టేసింది. పోనీ, పడనీ, అనుకున్నాను. డిగ్రీ ఉందిగా, నోటుబుక్కు ఉందిగా. పడితే తెలుస్తుంది పర్పెటువ ఎవరో.

శుక్రవారం అప్పగింత. కసాంజె నుంచి జజ్జా మంగదలీనా వచ్చింది, కొడుకుల్నీ గోత్రం పెద్దనీ వెంటబెట్టుకుని. పిల్లని చూడగానే ఆవిడ మోకాళ్ళ మీద కూలబడింది.

"అదే నుదురు! నా కొడుకు నుదురే! చూడండి, చూడండి!"

ఆవిడ అబద్ధం ఆడలేదు. ఏడాది పిల్లప్పుడు చూసిన మనవరాలు. ఐదేళ్ళుగా ప్రతి పిల్ల నుదుటి మీదా ఆ నుదురే వెతుక్కుంది. గోత్రం పెద్ద కూడా దొరికిందన్న సంబరంలో ఒక్క ప్రశ్న వెయ్యలేదు. మీరు ముద్ర వేశారు. లాంజినో గారు ఉపన్యాసం ఇచ్చారు. "మూడు రోజులు! జిల్లాలో మూడు రోజుల్లో ఇల్లు కనిపెట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అందరూ డొరీన్‌కి చప్పట్లు కొట్టారు. ఫోటోలో ఆమె పక్కన చైర్మన్, చైర్మన్ పక్కన వైస్ చైర్మన్, పిల్ల ఎక్కడో వాళ్ళ మోకాళ్ళ దగ్గర. నేను సోడాల పెట్టె పట్టుకుని వెనక నిలబడ్డాను. పిల్ల తల తిప్పి నన్ను చూసింది. నేను సోడా మూతలు తీస్తూ ఉండిపోయాను.

ఎనిమిదో రోజు, శనివారం, ఒక ముసలావిడ మా ఇంటి ముందుకి వచ్చింది. పేరు అబిసాగి. సంతసంతకీ నడుచుకుంటూ వస్తోందట, పాదాలు పగిలి ఉన్నాయి. రేడియో లేదు, ఫోన్ లేదు. కొంగులోంచి ఒక నీలం చెప్పు తీసి చాప మీద పెట్టింది.

"పిల్లల సంగతి పర్పెటువకి తెలియకుండా పోదు అన్నారమ్మా. నా మనవరాలు. దీన్ని కనేటప్పుడు తల్లి చావబోతే పక్కింటి నకసుజ్జ బతికించింది, అందుకని ఆవిడ పేరే పెట్టుకున్నాం. మిడతల లారీ దగ్గర ఆడుకుంటోంది, ఇటు తిరిగి అటు చూసేసరికి లేదు."

రెండో చెప్పు మా తలుపు వెనకాలే ఉంది. లేచి తెచ్చి పక్కన పెడితే అయిపోయేది. కసాంజె గంట నడక. ఆ పూటే అయిపోయేది.

గురువారం కౌన్సిల్ సమావేశం ఉంది. డొరీన్‌కి అందరి ముందూ మెచ్చుకోలు పత్రం ఇస్తారని గుమస్తా చెప్పాడు. నా తలలో ఆ సమావేశం మొత్తం కనబడింది. ఎవరు ఎక్కడ కూర్చుంటారో, నేను ఎప్పుడు లేస్తానో, ఆమె ముఖం ఎలా పాలిపోతుందో.

"పిల్ల క్షేమంగా ఉందమ్మా. ఆఫీసు కాగితాలు గురువారం గానీ తెరవరు. అప్పటిదాకా మా ఇంట్లో ఉండు," అన్నాను.

ఆవిడ నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఐదు రోజులు మా ఇల్లు ఊడ్చింది, నీళ్ళు తెచ్చింది, నాకు అరటికాయలు ఉడికించి పెట్టింది. తిన్నాను. బాగున్నాయి.

గురువారం వచ్చింది. మెచ్చుకోలు పత్రం చదవడం మొదలుపెట్టగానే లేచాను.

"కూర్చో పర్పెటువా, నీ సంగతి ఎజెండాలో లేదు," అన్నారు లాంజినో గారు.

"పిల్ల చెప్పు కూడా ఎజెండాలో లేదండీ," అని రెండు నీలం చెప్పులూ మీ టేబుల్ క్లాత్ మీద పెట్టాను. అబిసాగిని లోపలికి పిలిచాను. ఆవిడ పేరు కథ చెప్పింది. మిడత గోత్రం అని చెప్పింది. మీరందరూ డొరీన్ వైపు తిరిగారు. నేను అనుకున్నట్టే ఆమె ముఖం పాలిపోయింది. అనుకున్నదానికంటే బాగా పాలిపోయింది. ఆ నిమిషం నాకు పండగ. అది కూడా రాస్తున్నాను.

పండగ అబిసాగితో డొరీన్, నేను కసాంజె వెళ్ళేదాకానే. వంటింటి గుమ్మంలో పిల్ల కూర్చుని ఉంది. రెండు చేతులకీ గుడ్డలు చుట్టి ఉన్నాయి. గుడ్డల మీద రక్తం చుక్కలు.

"ఏం పెట్టినా తినడం లేదమ్మా," మంగదలీనా కళ్ళు తుడుచుకుంది. "బలం వస్తుందని మిడతలు దంచి వేరుశనగ పులుసులో కలిపాను. రెండు ముద్దలు తిని కనిపెట్టేసింది. అప్పట్నుంచి గోక్కుంటూనే ఉంది. మందు రాసినా ఆగదు. ఎందుకే అంటే మాట్లాడదు."

అబిసాగి పిలిచింది. పిల్ల లేచి, నెమ్మదిగా వచ్చి, ఆవిడ కొంగులో ముఖం పెట్టింది. ఏడవలేదు. మాతో వచ్చిన కానిస్టేబులు, పాపం, పద్ధతి ప్రకారం పుస్తకం తెరిచాడు.

"నీ పేరేంటి పాపా?"

పిల్ల కొంగులోంచే చెప్పింది. "నాకు పేరు లేదు."

మళ్ళీ అడిగాడు. అదే జవాబు. చెబితే ఎక్కడికి తీసుకుపోతారో దానికి ఇప్పుడు తెలుసు.

మంగదలీనా అడ్డం రాలేదు. "నాది కాకపోతే తీసుకెళ్ళండి. మరి నాదేది?" అని మాత్రం అడిగింది. అడ్డం వచ్చింది గోత్రం పెద్ద. "ముద్ర వేసి ఇచ్చారు. ముద్ర వేసి తీసుకెళ్ళండి. రేపు ఇంకో ముసలమ్మ ఇంకో చెప్పు పట్టుకొస్తే?" కానిస్టేబులు పుస్తకం మూసి, కాగితం లేకుండా తన వల్ల కాదన్నాడు. పిల్లని అక్కడే వదిలేశాం. అబిసాగి రాలేదు. వాళ్ళ కంచె బయట, అరటిచెట్ల కింద చాప వేసుకుంది.

తిరిగొచ్చే దారిలో డొరీన్ మోటారుసైకిలు ఆపేసింది.

"ఎప్పటినుంచి తెలుసు నీకు?" మీరు అనడం మానేసింది.

బూటు విప్పాను. ఫారం చెమటకి మెత్తబడింది, తారీఖు మాత్రం కనబడుతోంది. చదివింది. రెండుసార్లు చదివింది.

"పదిహేను రోజులా! ముసలావిడ వచ్చాక కూడా? గురువారం కోసం ఆగావా? నా ముఖం చూడ్డానికా?"

"అవును."

"చూశావుగా. బాగుందా?"

నేను బూటు తొడుక్కున్నాను.

"నేను వచ్చినప్పటినుంచీ," అంది, "ఏ గడప తొక్కినా ఒకటే మాట. పర్పెటువ రాలేదా? పర్పెటువని అడిగావా? ఒక్క కేసు, ఒక్కటంటే ఒక్కటి, నీ పేరు లేకుండా చేసి చూపిద్దామనుకున్నాను. అందుకే ఆ రోజు నీ నోరు మూయించాను. నువ్వేదో చెప్పబోతున్నావని నాకు తెలుసు."

ఇద్దరం రోడ్డు మీద నిలబడ్డాం. కొట్టుకునేవాళ్ళమే, ఎవరో సైకిలు మీద వస్తూ "వేబాలె, మంచిపని చేశావు ఆఫీసరమ్మా" అని నమస్కారం పెట్టాడు. ఆమెకి ఒక్కదానికే పెట్టాడు. అప్పుడు కూడా నాకు మండింది.

ఆ సాయంత్రమే ఆమె తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం రాసింది. కింద నేను సంతకం పెట్టాను, నా వంకర సంతకమే. లాంజినో గారు ఉత్తరం చదివి సొరుగులో పెట్టారు. "ఒకటో తారీఖున రాజధాని నుంచి పెద్దలు వస్తున్నారు. ఫోటో గోడమీద ఉంది. ఇప్పుడు మూడు రోజుల్లో కనిపెట్టలేదు, మూడు రోజుల్లో పోగొట్టాం అని చెప్పమంటారా? కమిటీ జనవరిలో కూర్చుంటుంది. పిల్ల తిండి తింటోందిగా?"

తినడం లేదండీ. నిన్న మందు రాయడానికి వెళ్ళాను. గుడ్డలు విప్పుతుంటే ఎముకలు తగిలాయి. నా వంక చూసి అడిగింది.

"డొరీన్ ఆంటీ వస్తుందా?"

నాకింకా కుళ్ళుగానే ఉంది. అది పోయిందని మీకు అబద్ధం చెప్పను. ఇద్దరు మనుషుల పనికి ఒక కుర్చీ వేసి, ఒకరి చేత టీ ఇప్పించి, ఇద్దరూ ఒకరినొకరు కొరుక్కుంటుంటే మీరు ఫోటో దిగారు. నా కుళ్ళుకి శిక్ష వెయ్యండి, టీషర్టు లాక్కోండి, పారిష్‌లోంచి తీసెయ్యండి. దానికి జనవరిలో కమిటీ కూర్చోండి, నేను వస్తాను. పిల్లని ఆపడానికి దాన్ని సాకుగా మాత్రం పట్టుకోకండి.

ఈ రోజు సోమవారం. డొరీన్, నేను, ఒకే మోటారుసైకిలు మీద మీ ఆఫీసుకి వచ్చాం. మెట్ల మీద కూర్చున్నాం. సొరుగు తాళం లాంజినో గారి జేబులో ఉంది. తీయండి. అప్పగింత రద్దు అని రాసి, ముద్ర వెయ్యండి, మధ్యాహ్నం లోపల. మేం కసాంజె వెళ్ళి పిల్లని అబిసాగి చేతికిస్తాం, పేరు అడక్కుండా. ఆ ఫోటో దించండి. ఆ మేకుకి మంగదలీనా మనవరాలి వివరాలు తగిలించండి. ఐదేళ్ళుగా ఎక్కడుందో తెలియని ఆ నకసుజ్జ కోసం, దొరికేసిందని ఫైలు మూసి, ఇప్పుడు ఎవ్వరూ వెతకడం లేదు. ఈ పూటే ఆ ఫైలు తెరవండి. ఇక మీదట ఏ పిల్లనైనా అప్పగించే ముందు ఇళ్ళు తిరిగే మనిషిని లోపల కూర్చోబెట్టి, చెప్పేది చివరిదాకా వినండి.

తాళం తీయండి. మేం కూర్చునే ఉన్నాం.